పాలపళ్లేగా అనుకోవద్దు

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో బాబు దవడ పన్ను మీద నల్లమచ్చ గురించి చెబుతూ, "ఎలాగూ ఊడిపోయే పళ్లేగా పెద్దమ్మా" అన్నావు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. మీ అన్నయ్యకి ఐదేళ్లప్పుడు నేనూ సరిగ్గా అదే మాట అన్నాను. ఏడాది తిరక్కుండానే వాడు రాత్రుళ్లు చెంప పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. అన్నం ఒకవైపే నమిలేవాడు. చివరికి పన్ను తీయించాల్సి వచ్చింది. ముందు పళ్లు ఆరేడేళ్లకి ఊడతాయి గానీ, వెనక నమిలే పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. కింద నుంచి వచ్చే పన్నుకి చోటు కాపాడేవి అవే. వాడికి ఆ చోటు కాస్తా పక్క పళ్లు జరిగి మూసుకుపోయింది, కొత్త పన్ను వంకరగా వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పిల్లలు తీపి ఎక్కువ తింటే పళ్లు పుచ్చుతాయని అందరూ అంటారు. అది నిజమే గానీ, ఎంత తిన్నారన్నదానికంటే రోజుకి ఎన్నిసార్లు తిన్నారన్నది ఇంకా ముఖ్యం. పళ్ల మీది పాచిలో ఉండే సూక్ష్మజీవులు తీపిని వాడుకుని ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లానికి పంటి పైపొర కొద్దికొద్దిగా కరుగుతుంది. తిన్న తర్వాత అరగంటో, ఇంకాసేపో ఇది జరుగుతుంది. ఆ తర్వాత లాలాజలం ఆమ్లాన్ని తగ్గించి, కరిగిన చోట మళ్లీ ఖనిజాలు చేరుస్తుంది. ఆ పని చేసుకోవడానికి దానికి వ్యవధి కావాలి. బాబు మధ్యాహ్నమంతా ఒక్క బిస్కెట్‌ని కొరుకుతూ తిరిగితే ఆ వ్యవధి ఎక్కడ దొరుకుతుంది? దానికంటే అన్నంతో పాటు రెండు తినేసి నీళ్లు తాగడం చాలా మేలు. జ్యూస్ సీసా చేతికిచ్చి వదిలేయడం కూడా అంతే. దాహానికి మంచినీళ్లే ఇవ్వు. దగ్గు మందు సిరప్‌లలో కూడా చక్కెర ఉంటుంది, వేశాక కాసిని నీళ్లు తాగించు.

ఇక పాప సంగతి. పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతోందన్నావు. దయచేసి ఈ అలవాటు మాన్పించు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పాలు పళ్ల చుట్టూ అలాగే నిలిచిపోతాయి. కింది ముందు పళ్లని నాలుక కొంత కాపాడుతుంది కాబట్టి మొదట పైవే పాడవుతాయి. పాలు తాగించి, తర్వాత పళ్లు తోమి, అప్పుడు పడుకోబెట్టు. తోమాక తెల్లవారేదాకా నీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. మొదటి రెండు మూడు రాత్రులు ఏడుస్తుంది, నాకు తెలుసు. ఓపిక పట్టు.

పళ్లు తోమడం బాబుకే వదిలేశావు కదా, అది ఇప్పుడే కాదు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా వాళ్ల చేతికి ఆ ఒడుపు రాదు. వాడి సరదాకి వాడిని తోమనివ్వు, తర్వాత నువ్వోసారి తోము. వాడి వెనక నిలబడి, తల నీకు ఆనించుకుని, ఒక వేలితో చెంప పక్కకి లాగితే వెనక పళ్లన్నీ కనిపిస్తాయి. పాపనైతే తల నీ ఒళ్లోకి వచ్చేలా పడుకోబెట్టుకో. ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడు, ట్యూబు మీద ఫ్లోరైడ్ మోతాదు కనీసం 1000 పీపీఎం అని ఉందో లేదో చూసుకో. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపు గింజంత, బాబుకి బఠాణీ గింజంత చాలు. నురగ ఉమ్మేయమను గానీ నీళ్లతో పుక్కిలించనివ్వకు, ఫ్లోరైడ్ కాసేపు పళ్ల మీద ఉండాలి. పొద్దున ఎప్పుడైనా హడావిడిలో తప్పినా తప్పొచ్చు, రాత్రి మాత్రం తప్పకూడదు.

నెలకోసారి పాప పై పెదవి ఎత్తి, వెలుతురులో చూడు. చిగురు పక్కనే పన్ను మీద సుద్దతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తే, పుచ్చు మొదలవుతోందన్నమాట. ఆ దశలో పట్టుకుంటే ఫ్లోరైడ్‌తో, తిండి అలవాట్లు మార్చి వెనక్కి మళ్లించవచ్చు. గుంట పడ్డాక మాత్రం అది తనంతట తాను పూడదు.

ఇంకో మాట. ఆరేళ్లప్పుడు బాబుకి అన్నిటికంటే వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడ పళ్లు వస్తాయి. చాలామంది అవి కూడా పాలపళ్లే అనుకుంటారు. అవి జీవితాంతం ఉండాల్సినవి. వాటి పైన లోతైన గాడులుంటాయి, బ్రష్ అందదు. పూర్తిగా బయటికొచ్చాక ఆ గాడులు మూసేలా సీలెంట్ వేయించడం గురించి డాక్టర్‌ని అడుగు.

పాపకి ఏడాది దాటింది కాబట్టి తనని కూడా ఓసారి చూపించాల్సిందే. బాబు నల్లమచ్చ నొప్పి పెట్టేదాకా ఆగకు, ఈ వారంలోనే ఇద్దర్నీ తీసుకెళ్లు. "నొప్పి పెట్టదులే, సూది వేయరులే" అని ముందే చెప్పకు, ఆ మాటతోనే పిల్లలకి టెన్షన్ మొదలవుతుంది. పళ్లు లెక్కపెట్టించుకుని వద్దామని చెప్పు. వచ్చాక నాకు ఫోన్ చెయ్యి, ఎదురుచూస్తుంటాను.

నీ పెద్దమ్మ