ముందు ఆ గరాజ్ తలుపు తెరువు

చిరంజీవి చిన్నాకి,

మావయ్య ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "వీడు నాకంటే ముసలి కారు కొన్నాడట, శని ఆదివారాలు దాని కిందే పడుంటున్నాడట" అంది. తిట్టడానికే చేసింది గానీ గొంతులో మురిపెం దాగలేదు. 1967 ఫోర్డ్ మస్టాంగ్, ఎనిమిది సిలిండర్ల 289 వీ8 ఇంజిను! ఫోర్డ్ కంపెనీ ఊరు డియర్‌బోర్న్ దగ్గర్లో ఉంటున్నవాడివి, ఆ గాలి తగలకుండా ఎలా ఉంటుంది? ఆటోనగర్ షెడ్డులో పెట్రోల్ డబ్బా బోర్లించుకుని కూర్చుని, సైజు చెప్పకముందే పానా అందించేవాడివి కదూ.

నువ్వు పంపిన వీడియో చూశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. కిటికీ అవతల మంచు, ఇవతల ఇంజిను తిరుగుతోంది, గరాజ్ తలుపు మూసి ఉంది. బుద్ధుందట్రా? గాలికి మించి పెట్రోల్ పడే ఇంజిను పొగలో కార్బన్ మోనాక్సైడ్ మామూలుకంటే చాలా ఎక్కువ. ఆ విషానికి వాసన ఉండదు, రంగు ఉండదు. ఆ గోడ అవతలి గదిలోనే కదా పాప పడుకునేది. చలేస్తే స్వెట్టర్ రెండు వేసుకో. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో ఈ ఉత్తరం పక్కన పెట్టి చూసిరా.

ఇంకోటి. గాలి, పెట్రోల్ కలిపే పాత కార్బ్యురేటర్ పైపుల్లో పెట్రోల్ చదరపు అంగుళానికి 6 పౌండ్ల ఒత్తిడితో పోయేది. దాని బదులు నీ కారులో ఉన్న, కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ కిట్‌కి 58 పౌండ్లు. కారు అమ్మినవాడు పాత రబ్బరు పైపులే ఉంచేశాడేమో చూడు. ఇంజెక్షన్‌కి పనికొచ్చే పైపు, దానికి తగ్గ క్లాంపులు లేకపోతే పని అక్కడే ఆపు. పైగా ఆ కారులో పెట్రోల్ ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. అందుకే నా భయం.

ఇక నీ ప్లాను. "ప్లగ్గులు నల్లగా ఉన్నాయి మావయ్యా, ఫ్యూయల్ టేబుల్లో 15 శాతం తగ్గించేస్తా" అన్నావు. అంటే పెట్రోల్ ఎక్కువై మసి పట్టిందనుకుని, ఎంత పొయ్యాలో కంప్యూటర్‌కి చెప్పే పట్టికలోనే కోత పెడతానని. ఆగు. అదే తప్పు నేనూ చేశాను.

నీకు ఊహ తెలియని రోజులు. ఒక మాస్టారి అంబాసిడర్ వచ్చింది. నల్ల పొగ, మైలేజీ లేదు. కార్బ్యురేటర్ మూడుసార్లు విప్పాను. ఫ్లోటు సరిచేశాను, నీడిల్ వాల్వు మార్చాను. షెడ్డులో బాగానే ఉండేది, వారం తిరిగేసరికి మళ్లీ ప్లగ్గులు మసి. మాస్టారు రోజూ వచ్చి బెంచీ మీద కూర్చునేవారు, ఒక్క మాట అనేవారు కాదు. ఆ మౌనం భరించలేక, పెట్రోల్ తక్కువ పోయేలా కార్బ్యురేటర్‌లో చిన్న మెయిన్ జెట్ వేసేశాను. పొగ పోయింది. డబ్బులు తీసుకున్నాను, మీసం కూడా దువ్వుకున్నాను.

వేసవి సెలవుల్లో వాళ్లు పిల్లల్ని వేసుకుని తిరుపతి బయల్దేరారు. గూడూరు దాటాక ఇంజిను పట్టు తప్పింది. అర్ధరాత్రి రోడ్డు పక్కన, చంటిపిల్లతో. తెల్లారి బస్సెక్కి వెళ్లి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయి ఉంది. ప్లగ్గులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. నాకేం అర్థం కాలేదు. అప్పుడు మాస్టారి భార్య, "ఈసారి క్యారేజీ సంచి కూడా ముందు తగిలించలేదే, డిక్కీలోనే పెట్టాం" అన్నారు. ఎక్కడ తగిలించేవారమ్మా అంటే చెయ్యి పెట్టి చూపించారు. డాష్‌బోర్డు మీద చోక్ పిన్ను, చల్లటి ఇంజిను స్టార్టవడానికి పెట్రోల్ ఎక్కువ పోయేలా లాగేది! రోజూ స్కూలుకి వెళ్తూ మాస్టారు సంచి దానికి తగిలించేవారు, ఆ బరువుకి చోక్ లాగినట్టే ఉండేది. షెడ్డుకి వచ్చేటప్పుడు సంచి ఉండదు. తిరుపతి దారిలోనూ లేదు, అందుకే నా చిన్న జెట్‌తో పెట్రోల్ చాలక వాల్వు కాలింది. నేను ఇంజిను విప్పానే తప్ప ఒక్కరోజు ఆయన పక్కన కూర్చుని వెళ్లలేదు. ఆయన అప్పుడు కూడా ఏమీ అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నీ కారులో ఆ సంచి ఎక్కడుందో వెతుకు. బండి బాగా వేడెక్కాక, నడుపుతూ ఉండగా, స్క్రీన్ మీద అంకెలు రికార్డు చెయ్యి. గాలి, పెట్రోల్ నిష్పత్తి 11, 12 (అంటే పెట్రోల్ ఎక్కువని) చూపిస్తూ కంప్యూటర్ పెట్రోల్ తగ్గిస్తున్నా తగ్గకపోతే నిజంగానే ఎక్కువ పడుతోంది: ఒత్తిడి గేజి పెట్టి చూడు, ఆపాక ఇంజెక్టర్ కారుతోందేమో చూడు. అలాకాక, స్క్రీన్ మీద 14, 15 (అంటే సరిగ్గానే ఉందని) ఉండి, కంప్యూటర్ పెట్రోల్ పెంచుతూ పోతుంటే, ప్లగ్గులేమో నల్లగా ఉంటే, ఎగ్జాస్ట్ పైపులోని సెన్సర్ మోసపోతోంది. అది చూసేది పెట్రోల్‌ని కాదు, ఆక్సిజన్‌ని. దాని ముందు ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ దగ్గర సందుండి బయటి గాలి పీల్చినా, ఒక ప్లగ్గు సరిగ్గా మండకపోయినా, "పెట్రోల్ చాలట్లేదు" అనుకుంటుంది. మన దగ్గర 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ, అంటే ప్రతి సిలిండర్‌కీ విడిగా పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్, వచ్చిన కొత్తలో ఈ మాట నా బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది.

ఇంజిను వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వు ఉందా? బెజవాడ ఎండలకి మేమంతా అది పీకి పారేసేవాళ్లం, నువ్వూ చూశావు. అక్కడ ఆ తెలివి చూపించకు. ఇంజిను వేడెక్కకపోతే కంప్యూటర్ ఇంకా చలేస్తోందనుకుని పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. 180 ఫారెన్‌హీట్‌ది వెయ్యి. కిట్ కరెంటు, ఎర్త్ నేరుగా బ్యాటరీ నుంచే తీసుకో.

ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడు. పెట్రోల్ కొడితే ఆయిల్ మార్చకుండా మళ్లీ స్టార్ట్ చెయ్యకు.

ఎనిమిది ప్లగ్గులూ తీసి, వరస తప్పకుండా గుడ్డ మీద పేర్చి ఫోటో పంపు. ఒక్కటే నల్లగా ఉందా, అన్నీనా అన్నది నేను చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ సంగతి మీ అమ్మకి చెప్పకు, టెన్షన్ పడుతుంది. ఆ ఫోటోలో గరాజ్ తలుపు తెరిచి ఉన్నట్టు కూడా కనపడాలి.

మీ మావయ్య