డాక్టర్ సలహా: సహోద్యోగికి పనిచేసిన సైనస్ ఇంజెక్షన్ నాకూ పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 38. మాది అనంతపురం, ఆరేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఏడాదిగా ముక్కు దిబ్బడ తగ్గడం లేదు. వంటింట్లో పోపు మాడుతున్నా వాసన తెలియడం లేదు. నాలుగుసార్లు యాంటీబయాటిక్స్ వాడాను. సీటీ స్కాన్‌లో ముక్కుకు రెండు వైపులా పాలిప్స్ (ముక్కు లోపలి పొరపై పెరిగే మెత్తటి కండలు) ఉన్నాయన్నారు. కొద్దిగా ఆస్తమా ఉంది. ఒకసారి ఒంటినొప్పులకు మాత్ర వేసుకున్న గంటకే ఆయాసం వచ్చింది. నా సహోద్యోగికి రెండు వారాలకోసారి ఇచ్చే ఇంజెక్షన్‌తో తగ్గింది. నేనూ వేయించుకోవచ్చా?

జవాబు: ముక్కు దిబ్బడ, వాసన తెలియకపోవడం వంటి లక్షణాలు 12 వారాలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటాము. అయితే ఈ ఒక్క పేరు కింద వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఒకవైపే చీము, దుర్వాసన ఉంటే మూలం పైదవడ పంటిలో ఉండవచ్చు. జిగురులాంటి చిక్కటి చీమిడితో సైనస్ నిండిపోయే ఫంగల్ అలర్జీలో శస్త్రచికిత్సే ముందు చేయాలి. మీ సహోద్యోగిది ఏ రకమో తెలియకుండా ఆయన మందు మీకు సరిపోతుందని చెప్పలేను.

మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ నొప్పి మాత్ర. పాలిప్స్, ఆస్తమా, ఆస్పిరిన్ లేదా ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు పడకపోవడం, ఈ మూడూ ఒకే వ్యక్తిలో కనిపించే జబ్బు ఒకటుంది. అందులో పాలిప్స్ ఆపరేషన్ తర్వాత కూడా తిరిగి పెరిగే అవకాశం ఎక్కువ. మీరు వేసుకున్నది ఏ మాత్రో గుర్తు తెచ్చుకుని వైద్యుడికి చెప్పండి. అప్పటిదాకా ఆ కోవకు చెందిన మాత్రలేవీ, డైక్లోఫెనాక్ సహా, వేసుకోవద్దు. ఇంట్లో మళ్లీ వేసి చూసే ప్రయోగం అసలే వద్దు.

ఈఎన్‌టీ వైద్యుడు ఎండోస్కోపీతో, అంటే సన్నటి గొట్టంలాంటి కెమెరాతో, పాలిప్స్‌ను స్వయంగా చూడాలి. రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు), ఐజీఈ (అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ) పరీక్షలు, ఆస్తమాకు స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊది ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) అవసరమవుతాయి. బెంగళూరు దుమ్ము, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడి మీకు పడుతున్నాయో లేదో అలర్జీ పరీక్షలో తేలుతుంది. చీము పట్టిన ఆధారం లేనిదే ఐదోసారి యాంటీబయాటిక్ వాడడం వల్ల ప్రయోజనం ఉండదనే నా అభిప్రాయం.

చికిత్స స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడంతో మొదలవుతుంది. స్ప్రే పనిచేయలేదని వచ్చేవారిలో చాలామంది తల వెనక్కి వాల్చి కొట్టుకుంటారు, మందంతా గొంతులోకి జారిపోతుంది. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కులో ఎడమ చేత్తో, చెవి వైపు గురిపెట్టి కొట్టాలి. ముక్కు కడగడానికి కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా పనికిరావు. ముక్కు తెరిచే చుక్కలు వారానికి మించి వాడితే వాటివల్లే దిబ్బడ పెరుగుతుంది.

ఈ మందులతో గుణం కనిపించకపోతే ఎండోస్కోపిక్ శస్త్రచికిత్స చేస్తారు. మీరడిగిన ఇంజెక్షన్ బహుశా డుపిలుమాబ్ కావచ్చు, దీన్ని అమెరికాలో పాలిప్స్‌కు 2019లో అనుమతించారు. 2020 నాటి ఐరోపా మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి మందులను ప్రధానంగా ఆపరేషన్ తర్వాత కూడా పాలిప్స్ ఉన్నవారికి పరిశీలిస్తారు. ఇసినోఫిల్స్ లేదా ఐజీఈ ఎక్కువగా ఉండడం, ఏడాదిలో రెండుసార్లు స్టెరాయిడ్ మాత్రలు అవసరం కావడం, జబ్బు రోజువారీ జీవితాన్ని బాగా దెబ్బతీయడం, వాసన పోవడం, ఆస్తమా అనే ఐదింటిలో కనీసం మూడు ఉండాలంటారు. చివరి రెండూ మీకు ఇప్పటికే ఉన్నాయి. ఖరీదైన మందు, నెలల తరబడి వాడాలి, కాబట్టి ముందుగా పరీక్షలు పూర్తి చేయించుకోండి. ఈలోగా కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం, జ్వరంతో తీవ్రమైన తలనొప్పి వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.