మేకప్ నేర్చుకోవాలంటే ముందు మొహం చూసి నిజం చెప్పే మనిషి కావాలి

చెల్లీ, నీ ప్రశ్న చదివాను. ఈ పరాయి దేశం వచ్చి మూడు వారాలైంది, వచ్చే నెల ఆఫీసులో చేరాలి, ఇప్పటిదాకా పౌడరు, కాటుక తప్ప మొహానికి ఇంకేమీ పెట్టలేదు, పన్నెండు బ్రష్‌ల సెట్టు కొనమంటారా, ఫౌండేషన్ (మొహమంతా ఒకే రంగులో కనిపించేలా పూసేది) ముందా కన్సీలర్ (మచ్చలు, నలుపు కప్పేది) ముందా అని అడిగావు. రూమ్మేట్ వేరే దేశం అమ్మాయి, హాయ్ బై తప్ప మాటల్లేవని చివర్లో ఒక ముక్క రాశావు. నీ బ్రష్‌ల సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది కానీ ఆ చివరి ముక్క దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను ఇక్కడికి వచ్చింది 2013లో. ఇప్పుడైతే ఏ షాపుకెళ్లినా గోధుమ రంగులో పది రకాల ఫౌండేషన్లు కనిపిస్తాయి, 2017లో ఫెంటీ బ్యూటీ అనే మేకప్ కంపెనీ వాళ్లు ఒకేసారి 40 షేడ్లు తెచ్చాక మిగతా కంపెనీలూ కదిలాయి. అప్పట్లో నేను వెళ్లిన చోట వరస నిండా తెల్లవాళ్ల రంగులే, చివర్న మూడే మూడు సీసాలు, ఒకటి ఎరుపు తిరిగి, ఒకటి మరీ పసుపు, ఒకటి నాకంటే రెండు మెట్లు తెలుపు. చేతి వెనక రాసుకుని, షాపు లైటు కింద చూసుకుని, ఆ తెల్లదాన్నే తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో కూడా దాచను, కొంచెం తెల్లగా కనిపిస్తే అందరిలో కలిసిపోతాననుకున్నాను. కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయికీ ఈ ఆలోచన ఒక్కసారైనా వస్తుంది, నీకూ వస్తుంది, అప్పుడు నా మాట గుర్తు తెచ్చుకో.

నాలుగు నెలలు అదే రాసుకుని ఆఫీసుకెళ్లాను. మొహం బూడిద రంగు, మెడ నా అసలు రంగు, దవడ దగ్గర గీత గీసినట్టు అంచు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. అదే ఇంట్లో ఉండి ఉంటే గడప దాటకముందే అక్క నా గడ్డం పట్టుకుని 'ఏంటే ఇది, పోయి కడుక్కో' అనేది. ఇక్కడ ఎదుటి మనిషి మొహం గురించి మాట్లాడటం మర్యాద కాదనుకుంటారు, వాళ్లది తప్పని అనను, కానీ ఆ మర్యాద మధ్యలో కొత్తగా వచ్చిన పిల్ల ఒంటరిదైపోతుంది. వీడియో కాల్లో అమ్మ బాగున్నావే అనేది, ఫోన్ తెరలో రంగులు నిజంగా కనపడవు కదా.

చివరికి చెప్పింది ఎవరంటే, సాయంత్రం ఆఫీసు శుభ్రం చేయడానికి వచ్చే ఒక పెద్దావిడ. వాష్‌రూమ్‌లో కిటికీ పక్కన అద్దం ఉండేది, నేను కళ్లు తుడుచుకుంటుంటే దగ్గరకొచ్చి ఒక టిష్యూ తడిపి, అడగకుండానే నా దవడ మీద ఒక్క గీత తుడిచింది. నన్ను కిటికీ వైపు తిప్పి ఆ గీత చూపించింది. వేలెడంత వెడల్పున నా రంగు, దానికి రెండు వైపులా సున్నం కొట్టిన గోడ. ఏమీ అనలేదావిడ, నా బుగ్గ తట్టి పని చూసుకోవడానికి వెళ్లిపోయింది. అక్కడే నిలబడి ఏడ్చాను. సిగ్గుతో కాదు, నాలుగు నెలల తరవాత ఒక మనిషి నా మొహం నిజంగా చూసిందని.

అందుకే షేడ్ విషయంలో ఎవరి మాటా వినకుండా నేను చెప్పినట్టు చెయ్యి. చేతి మీద చూడొద్దు, చేతి రంగు వేరు, మొహం రంగు వేరు. నీ రంగుకు దగ్గరగా ఉన్న మూడింటిని దవడ నుంచి మెడ మీదకి మూడు గీతలుగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆగి, బయటకొచ్చి పగటి వెలుగులో చూడు. కొన్ని ఫౌండేషన్లు ఆరాక ఒక మెట్టు నల్లబడతాయి, ఆ ఆగడం అందుకే. ఏ గీత కనపడకుండా కలిసిపోతుందో అది నీది. ఇంకొకటి, మనలో చాలామందికి నుదురు, నోటి చుట్టూ బుగ్గల కంటే కొంచెం నలుపుగా ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడి తెల్లది కొనకు, మెడతో కలిస్తే చాలు. శాంపిల్ అడిగితే చాలా చోట్ల ఇస్తారు, తెరిచిన సీసా వెనక్కి తీసుకుంటారా లేదా అన్నది బిల్లు మీదో వెబ్‌సైట్‌లోనో ఉంటుంది, చూసుకో.

అసలు మొదటి నెల నీకు ఫౌండేషన్ అవసరమే లేదు. నా మాట నమ్ము, పదేళ్లు పైగా రోజూ వేసుకుంటున్నదాన్ని, నా మేకప్ ఇప్పుడు ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది, అందులో మూడు నిమిషాలు మాయిశ్చరైజర్ ఆరడానికి. కొత్తవాళ్లు ఆ మూడు నిమిషాలే ఎగ్గొడతారు. నేనూ ఎగ్గొట్టాను. మొదటి చలికాలం గదిలో హీటర్ వేసుకుని పడుకుని, లేచి పొడి చర్మం మీద ఫౌండేషన్ పూస్తే మధ్యాహ్నానికి ముక్కు పక్కన, పెదాల చుట్టూ పొట్టు లేచేది, ఆ పొట్టు కప్పడానికి పైన పౌడరు, పౌడరుతో ఇంకా పొట్టు. తప్పు ఫౌండేషన్‌దనుకుని ఇంకో సీసా కొన్నాను.

కాబట్టి ఇలా మొదలుపెట్టు. మొహం కడిగి ఇంకా కాస్త తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాయి, ఆరనివ్వు. తర్వాత ఎస్పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గని సన్‌స్క్రీన్, చూపుడువేలు, మధ్యవేలు మీద పొడుగ్గా పిండితే వచ్చేంత, మొహానికీ మెడకీ కలిపి. రంగు కలిపిన సన్‌స్క్రీన్ దొరికితే మరీ మంచిది, అందులోని ఐరన్ ఆక్సైడ్ అనే రంగు పదార్థం మన చర్మం మీద తెల్ల పొర తేలకుండా చూస్తుంది, మంగు మచ్చలు ముదరకుండా కూడా పనికొస్తుంది. దాని మీద కన్సీలర్, అదీ కళ్ల కింద, మచ్చల మీద మాత్రమే. ఫౌండేషన్ అంటూ వేసే రోజొస్తే అది ముందు, కన్సీలర్ తర్వాత, లేకపోతే పెట్టిన కన్సీలర్ అంతా ఫౌండేషన్‌తో తుడుచుకుపోతుంది. కళ్ల కింద నలుపు బాగా ఉంటే ముందు కాస్త పీచ్ లేదా నారింజ రంగు కరెక్టర్ (నలుపును తగ్గించి చూపే క్రీము) అద్ది దాని మీద కన్సీలర్ అద్దు. అద్దు అంటున్నాను, రుద్దు అనడం లేదు. ఉంగరం వేలితో, దానికి బలం తక్కువ కాబట్టి. రుద్దితే కింద వేసింది పైకి వస్తుంది, కళ్ల కింద చర్మం మరీ పలచన. కన్సీలర్ మెరుస్తున్న చోట మాత్రం చిటికెడు పౌడరు. లిప్‌స్టిక్ నీ పెదాల రంగుకు దగ్గరది ఒకటి తీసుకో, దాన్నే బుగ్గల మీద రెండు చుక్కలు పెట్టి వేళ్లతో కలుపుకుంటే బ్లష్ కూడా అయిపోతుంది. బ్రష్‌ల సెట్టు వద్దు. వేళ్లు, ఒక తడి స్పాంజి, కనుబొమలకి ఒక చిన్న బ్రష్ చాలు. స్పాంజి వారానికోసారి సబ్బుతో కడిగి గాలికి ఆరబెట్టు, తడిది డబ్బాలో మూసి పెడితే బూజు పడుతుంది.

కొత్తది ఏదైనా సరే ఒక్కొక్కటే మొదలుపెట్టు, ముందు మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూడు. అన్నీ ఒకేరోజు మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు. కాటుక విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను, పేరూ ఊరూ లేని డబ్బాల్లో సీసం ఉండొచ్చు, కొన్ని దేశాలు అలాంటివి రానివ్వవు, ఆ నియమాలు నువ్వే చూసుకోగలవు. మస్కారా, అంటే కనురెప్పల వెంట్రుకలకి రాసేది, తెరిచిన మూడు నెలలకు పారేయ్, ఎవరితోనూ పంచుకోకు. రాత్రి ఎంత అలసిపోయినా మేకప్‌తో పడుకోకు. ముందు నూనెలాంటి క్లెన్సర్‌తో కరిగించి, తర్వాత ఫేస్‌వాష్.

ఇవన్నీ ఏ వీడియో చూసినా తెలుస్తాయి. నేను రోజూ రాత్రి గదిలో ఒక్కదాన్నే కూర్చుని అలాంటి వీడియోలు ఎన్ని చూశానో లెక్కలేదు, అయినా నాలుగు నెలలు బూడిద మొహంతోనే తిరిగాను. వీడియోలో పిల్ల నీకు ఎలా వేయాలో చూపిస్తుంది కానీ నువ్వు వేసుకున్నది చూడదు. ఇప్పుడు ఆదివారాల్లో మా ఇంటికి ముగ్గురు అమ్మాయిలు వస్తారు, ముగ్గురూ నీలాగే కొత్తవాళ్లు. కిటికీ దగ్గర కూర్చుని ఒకరి మొహానికి ఒకరు వేసుకుంటారు. మొదటి ఆదివారం ఒకమ్మాయి కళ్లు మూసుకుని కూర్చుంటే ఇంకో అమ్మాయి ఆమె కనుబొమలు దిద్దుతోంది, చూస్తుండగా ఆ పిల్ల మూసిన కళ్లలోంచే నీళ్లు కారాయి. ఏమైందమ్మా అంటే, ఇక్కడికొచ్చాక నన్ను ఎవరూ ముట్టుకోలేదక్కా అంది. తనొచ్చి అప్పటికి రెండు నెలలు.

నువ్వు ఉద్యోగంలో చేరేలోపు ఇంకా టైమ్ ఉంది. ఈ శనివారం పగటిపూట సన్‌స్క్రీన్, కన్సీలర్, లిప్‌స్టిక్ ఈ మూడే వేసుకుని మీ రూమ్మేట్ తలుపు కొట్టు. నీ ఇంగ్లీషు ఎలా ఉన్నా పర్వాలేదు. కిటికీ దగ్గరకు పిలిచి, గడ్డం ఎత్తి దవడ చూపించి, ఇక్కడ రంగు తేడా కనిపిస్తోందా, మొహమాటం లేకుండా చెప్పు అని అడుగు. ఆమె వచ్చి ఎన్నాళ్లయిందో కూడా అడుగు. ఏం చెప్పిందో నాకు రాయి.