మ్యాప్‌లో చుక్క ఆగితే పక్షి ఆగినట్టేనా?

ప్రశ్న: ట్యాగ్ కట్టిన ఒక వలస పక్షి ప్రయాణాన్ని మా పిల్లలు రోజూ మ్యాప్‌లో చూస్తున్నారు. మూడు రోజులుగా చుక్క ఒకేచోట ఉంది. పక్షి చచ్చిపోయిందంటారా?

జవాబు: అంత తొందరొద్దు. ముందు చుక్క పక్కనున్న తేదీ, సమయం చూడండి. తేదీ కూడా మారలేదంటే ఆగింది పక్షి కాదు, దాని కబురు. సౌరశక్తితో నడిచే 5 గ్రాముల ఉపగ్రహ ట్యాగ్‌ను సాధారణంగా 10 గంటలు సంకేతాలు పంపి 48 గంటలు చార్జింగ్‌లో ఉండేలా అమరుస్తారు. రెండు రోజుల మౌనం మామూలే. ముసురు పట్టినా, వీపు మీది ఈకలు సౌరఫలకాన్ని కప్పేసినా ఇంకొన్ని రోజులు కలుస్తాయి.

తేదీ మారుతూ చుక్క మాత్రం కదలకపోతే అప్పుడు అనుమానించాలి. అదీ వెంటనే కాదు. మజిలీల్లో దిగిన పక్షులు వారాల తరబడి మేస్తూ ఉండిపోతాయి. అసలు సంగతి ట్యాగ్ పంపే మిగతా అంకెల్లో ఉంటుంది: కదలిక సెన్సర్, ఉష్ణోగ్రత, బ్యాటరీ వోల్టేజీ. బతికున్న పక్షి ఒకే మడుగులో తిరుగుతున్నా కదలిక అంకె మారుతూనే ఉంటుంది. అది రోజుల తరబడి ఒకేలా నిలిచిపోయి, ఉష్ణోగ్రత పగలు ఎండతో ఎక్కి రాత్రి చలితో దిగుతుంటే ట్యాగ్ నేల మీద పడి ఉన్నట్టే. ఫలకం బోర్లా పడితే వోల్టేజీ కూడా రోజురోజుకూ జారిపోతుంది. అయితే పక్షి చనిపోయిందా, పట్టీ తెగి ట్యాగ్ ఒక్కటే రాలిందా అన్నది ఈ అంకెలతో తేలదు. ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి వెతకాల్సిందే. ఆ చుక్క ఉన్నట్టుండి రోడ్డు వెంబడి కదిలి ఊళ్లో ఆగిందంటే, ట్యాగ్ ఎవరి చేతికో చిక్కిందన్నమాట.

ప్రశ్న: చుక్క ఒక్క గంటలో 300 కిలోమీటర్లు పక్కకు దూకి, మళ్లీ వెనక్కి వచ్చింది. పక్షి దారి తప్పిందా?

జవాబు: తప్పింది లెక్క, పక్షి కాదు. ఆర్గోస్ అనే ఉపగ్రహ జాడ పద్ధతిలో పనిచేసే ట్యాగ్‌లు 401.65 మెగాహెర్ట్జ్ దగ్గర సంకేతం పంపుతాయి. ఉపగ్రహం దగ్గరకొస్తుంటే ఆ పౌనఃపున్యం కాస్త ఎక్కువగా, దూరమవుతుంటే తక్కువగా అందుతుంది. ఈ తేడాతోనే స్థానం కడతారు. చిక్కేమిటంటే ఈ లెక్కకు రెండు సమాధానాలొస్తాయి, ఉపగ్రహం సాగే దారికి అటొకటి, ఇటొకటి. కంప్యూటర్ ఒక్కోసారి తప్పుదాన్ని ఎంచుకుంటుంది.

అందుకే ప్రతి స్థానానికీ ఒక తరగతి ఇస్తారు. 3 అయితే పొరపాటు 250 మీటర్లలోపు, 2 అయితే 500 లోపు, 1 అయితే 1,500 లోపు. 0 అంటే అంతకు మించి. ఎ, బి తరగతులకు అంచనాయే ఉండదు, జెడ్ పనికిరాదు. కానీ ఎ, బి అన్నింటినీ తీసిపారేయకండి. సముద్రం మీద చాలాసార్లు దొరికేవి అవే. వరుస బిందువుల మధ్య వేగం కట్టి, ఆ జాతికి అసాధ్యమైన వేగం వచ్చినచోట మాత్రం కొట్టేయండి. పోల్చుకోవడానికి ఒక లెక్క: 2022లో అలాస్కా నుంచి టాస్మానియాకు ఎక్కడా దిగకుండా ఎగిరిన పిల్ల గాడ్విట్ (తీరాల్లో మేసే వలస పక్షి) 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు వెళ్లింది. సగటున గంటకు 50 కిలోమీటర్ల పైచిలుకు. ఎదురుగాలికి తగ్గుతుంది, తోడుగాలికి బాగా పెరుగుతుంది, కాబట్టి హద్దు మరీ బిగించకండి.

ప్రశ్న: ట్యాగ్ బరువు పక్షికి భారం కాదా?

జవాబు: అవుతుంది, అందుకే హద్దు పెట్టుకున్నారు. పట్టీతో కలిపి పక్షి బరువులో 3 శాతం దాటకూడదన్నది ఎక్కువమంది పాటించే నియమం. పాత అధ్యయనాల్లో 5 శాతం దాకా ఒప్పుకునేవారు. 3 శాతం లెక్కన 5 గ్రాముల ట్యాగ్‌కు సుమారు 167 గ్రాముల పక్షి కావాలి. 20 గ్రాముల పిట్టకు దక్కేది 0.6 గ్రాములే. అందులో ఉపగ్రహ ట్యాగ్ పట్టదు, వెలుతురు నమోదు చేసే జియోలొకేటర్ పడుతుంది. పగటి పొడవును బట్టి అక్షాంశం, మధ్యాహ్నమయ్యే వేళను బట్టి రేఖాంశం కడతారు. వంద, రెండు వందల కిలోమీటర్ల తేడా సహజం. మార్చి, సెప్టెంబరుల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో అక్షాంశం అసలు తేలదు. పైగా ఏడాది తర్వాత అదే పిట్టను మళ్లీ పట్టుకుంటేనే సమాచారం చేతికొస్తుంది.

మా దృష్టిలో బరువుకన్నా ఎక్కువ హాని చేసేది పట్టీ. వలసకు ముందు పక్షి కొవ్వు పట్టి బాగా బరువెక్కుతుంది. బక్కగా ఉన్నప్పుడు బిగించిన పట్టీ అప్పుడు చర్మాన్ని కోసేస్తుంది. లావుగా ఉన్నప్పుడు కట్టింది తర్వాత వదులై, రెక్కో కాలో ఇరుక్కుంటుంది. ఒరుసుకోని టెఫ్లాన్ రిబ్బన్ వాడి, ఒకచోట నూలు దారంతో కుట్టడం మంచి పద్ధతి. దారం కొన్నాళ్లకు చివికి ట్యాగ్ దానంతటదే ఊడిపోతుంది.

ప్రశ్న: సిమ్ కార్డుతో పనిచేసే ట్యాగ్ చవక కదా, అందరూ అదే వాడొచ్చుగా?

జవాబు: టవర్ ఉన్నచోట హాయి. జీపీఎస్ స్థానాలు మీటర్ల తేడాలో ఖచ్చితంగా వస్తాయి. టవర్ లేనిచోట అవన్నీ ట్యాగ్‌లోనే పోగుపడి, సిగ్నల్ దొరగ్గానే ఒక్కసారిగా వస్తాయి. 2019లో రష్యా పరిశోధకులు అనుసరిస్తున్న మిన్ అనే స్టెప్పీ గద్ద వేసవంతా కజకిస్తాన్‌లో సిగ్నల్ అందనిచోట గడిపి నేరుగా ఇరాన్ చేరింది. దాచుకున్న సందేశాలన్నీ రోమింగ్ ధరకు, ఒక్కొక్కటి 49 రూబుళ్ల చొప్పున, అక్కడి నుంచి వచ్చిపడ్డాయి. వాళ్ల బడ్జెట్ ఖాళీ అయింది. ఏ దేశాల మీదుగా వెళ్తుందో చూసుకుని సిమ్ ఎంచుకోవాలి, రోజుకు పంపే సందేశాలకు పరిమితి పెట్టాలి.