ఆల్బమ్ చెడిందా, మీరు పంపిన ఫొటోనే చిన్నదా? ముందు అది తేల్చండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మ సంవత్సరీకానికి వచ్చే బంధువులకు చూపిద్దామని, నాన్నగారి షష్టిపూర్తి ఫొటోలతో ఆన్‌లైన్‌లో ఆల్బమ్ చేయించాను. 12×18 అంగుళాలు, 40 పేజీలు, రూ. 6,840. 2024 ఆగస్టు 9న చేతికొచ్చింది. అట్ట మీద అమ్మ తల బొట్టు దాకా తెగిపోయింది. లోపల చాలా ముఖాలు మసక, రంగులన్నీ ఎర్రబడ్డాయి. మూడుసార్లు ఫోన్ చేస్తే, ‘ఆర్డరు మీద చేసిన వస్తువు వాపసు తీసుకోం, కేసు వేస్తే బెంగళూరులోనే’ అన్నారు. చూసినప్పుడల్లా ఏడుపొస్తోంది. ఆ డబ్బు నేను కట్టలేదని బ్యాంకుకు రాస్తే తిరిగొస్తుందని మా బావగారు అంటున్నారు. అయిదు లక్షల పరిహారం అడగవచ్చా?

జవాబు: అంతా రాశారు, కేసును తేల్చే మాట ఒక్కటి వదిలేశారు. వాళ్లకు మీరు పంపింది ఏ ఫైలు? కెమెరాలో ఉన్న అసలుదా, వాట్సాప్‌లో ఎవరో పంపితే దింపుకున్నదా?

మామూలుగా వాట్సాప్‌లో పంపిన ఫొటో కుదించుకుపోయి, పొడవు వైపు సుమారు 1,600 పిక్సెళ్లకు దిగుతుంది. దాన్ని 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 90 చుక్కలు కూడా రావు. మంచి ప్రింటుకు 300 కావాలి, అంటే 12×18కి 3,600×5,400 పిక్సెళ్లు. 200 దాకా ఉన్నా ఆల్బమ్‌లో చెల్లుతుంది. కాబట్టి మీరు వాట్సాప్ కాపీలే ఎక్కించి ఉంటే, మసక గురించి కేసులో వాళ్లిచ్చే జవాబు (కౌంటరు) ఒక్క పేరాలో ముగుస్తుంది. ఫైలు చిన్నదని సైటు ముందే హెచ్చరించలేదని మీరు వాదించవచ్చు. అదొక్కటే పట్టుకుని కేసు నడపమని మాత్రం నేను చెప్పను.

తల తెగడం, రంగు మారడం వేరే సంగతి. ఫోన్ ఫొటో మామూలుగా 4:3 నిష్పత్తిలో ఉంటుంది, 12×18 కాగితం 3:2. అడ్డంగా తీసిన ఫొటోను 18 అంగుళాల వెడల్పుకు పరిస్తే ఎత్తు పదమూడున్నర అంగుళాలు వస్తుంది. ఆ ఒకటిన్నర అంగుళం ఎక్కడో ఒకచోట కోయాలి. మధ్యకు సర్దితే పైన ముప్పావు, కింద ముప్పావు పోతుంది. మీ అమ్మగారి తల తెగింది బహుశా అక్కడే. ఆర్డరు ఖాయం చేసే ముందు చూపిన ప్రివ్యూలో తల పూర్తిగా ఉంటే తప్పు వాళ్లది. ప్రివ్యూలోనే తెగి ఉండి మీరు ‘సరే’ నొక్కి ఉంటే కేసు బలహీనపడుతుంది. అందుకని ఈ రోజే మీ ఖాతాలోకి వెళ్లి ప్రివ్యూ, ఎక్కించిన ఫైళ్లు, ఆర్డరు మెయిలు దింపుకోండి. ఇలాంటి సైట్లు పాత ఫైళ్లను ఎప్పటికీ ఉంచవు.

అసలు ఇన్నాళ్లు ఏం చేశారు? మూడు ఫోన్ కాల్స్, ఒక్క మెయిలు లేదు. ఫోన్‌లో అన్న మాటకు కాగితం ఏది? వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీకది 2026 ఆగస్టు 9తో తీరుతుంది, ఆ రోజు ఆదివారం కూడా. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యానికి తగిన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు, కానీ ‘బాధలో ఉండిపోయాను’ అన్న మాటనే నమ్ముకోవద్దు. జూలై నెలాఖరులోపే దాఖలు చేసేయండి.

మీ బావగారి సలహా వినవద్దు. ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చింది, పార్సిల్ మీ ఇంటికే చేరింది. కట్టలేదని బ్యాంకుకు రాస్తే అది అబద్ధపు ఫిర్యాదు. దానికి మించిన నష్టం ఇంకొకటుంది. ప్రతిఫలం ఇచ్చి కొన్నవాళ్లే చట్టం దృష్టిలో వినియోగదారులు. డబ్బు కట్టలేదని ఒకచోట రాసి, కట్టానని కమిషన్‌లో ప్రమాణం చేస్తే మీ కేసును మీరే కొట్టేసుకున్నట్టు. ‘ఆల్బమ్ పంపండి, చూసి చెబుతాం’ అని కంపెనీ ఇప్పుడు అడిగినా అసలుది పంపకండి, ఫొటోలు పంపండి.

బెంగళూరు మాటకు భయపడక్కర్లేదు. అదే చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే, అంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు కనుక ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదులకు ప్రభుత్వం నడిపే ఈ-జాగృతి పోర్టల్‌లో మీరే దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ఇక వాపసు లేదనే షరతు. వస్తువు లోపభూయిష్టంగా ఉన్నా, ఒప్పుకున్న విధంగా లేకపోయినా వెనక్కి తీసుకోనని అనడానికి 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. రంగు నచ్చలేదంటే వాళ్ల షరతు నిలబడవచ్చు, తల తెగిందంటే నిలబడదు.

ఈ వారం సైటులో ఉన్న ఫిర్యాదుల అధికారికి మెయిలు పెట్టండి. ఆర్డరు నంబరు, లోపాలు, అడిగే మొత్తం రాసి, మీరు ఎక్కించిన ఫైళ్లను చెరపకుండా భద్రపరచమని కూడా రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అట్ట మీద స్టీలు స్కేలు పెట్టి, పగటి వెలుతురులో ఫొటో తీయండి. అట్టకు మీరు పంపిన ఫైలునే అరండల్‌పేటలో ఏదైనా ల్యాబ్‌లో, కలర్ కరెక్షన్ చేయవద్దని చెప్పి, 4×6 సైజులో వేయించి బిల్లు తీసుకోండి. అందులో రంగు సరిగ్గా ఉంటే ఎరుపు ఎక్కడ నుంచి వచ్చిందో పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. ఫైళ్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రం, జతపరచండి. కమిషన్ కోర్టులంత కఠినంగా పట్టుకోకపోయినా అవతలివాళ్లకు సాకు మిగలదు.

అయిదు లక్షలు అడగకండి. రూ. 6,840, మనోవేదనకు తగుమాత్రపు మొత్తం, ఖర్చులు అడగండి. తల తెగిన ఒక్క అట్ట చాలు, అతిశయోక్తి అక్కర్లేదు.

ఆల్బమ్ మళ్లీ చేయించాలి కదా. కంపెనీ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైటులో లేకపోతే అక్కడితో ఆపండి. అసలు ఫైళ్లను కుదించకుండా తీసుకుంటుందా, ఫైలు చిన్నదైతే హెచ్చరిస్తుందా, కోత ఎక్కడ పడాలో మీరే జరుపుకోనిస్తుందా చూడండి. 40 పేజీలకు ముందు ఒకే ఫొటోతో రెండు మూడు సైట్లలో చిన్న ప్రింట్లు వేయించి పోల్చండి. ఖాయం చేసే ముందు ప్రతి పేజీ ప్రివ్యూ స్క్రీన్‌షాట్ తీసుకోండి, పార్సిల్ వచ్చాక సీలు తీయడం దగ్గర నుంచే వీడియో తీయించండి.