చూడటానికి మంచిగనే ఉన్నవు గదా!

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వయసు 33. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రెండేళ్ళ కింద ఒక కన్ను మసకబారింది, తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కాయి. హైదరాబాద్‌లో ఎమ్మారై తీసి మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నారు, అంటే మెదడు, వెన్నుపాములో నరాల మీది పొర దెబ్బతినే జబ్బట. మందులు వాడుతున్నా. పైకి ఏమీ కనబడదు. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. స్కూలు నుంచి వచ్చి పడుకుంటే మా అత్తమ్మ "చూడటానికి మంచిగనే ఉన్నవు గదా, ఏమైంది నీకు?" అంటుంది. పోయిన బతుకమ్మకు ఆడలేక మోకాళ్ళ నొప్పులని అబద్ధం చెప్పా. మా పాపకు ఆరేళ్ళు. మొన్న "నేను అల్లరి చేస్తున్ననని పండుకుంటున్నవా అమ్మా?" అని అడిగింది. చిన్నపిల్లకు చెప్పొద్దంటారు మా ఆయన. రేపు నడవలేకపోతే దాన్ని ఎవరు చూస్తారని రాత్రిళ్ళు నిద్ర పట్టదు. నేను లేకపోతేనే వీళ్ళు సుఖంగా ఉంటారేమో అనిపిస్తుంది. ధైర్యం చెప్పండి.

జవాబు: అమ్మా, ధైర్యం సంగతి తర్వాత. 'నేను లేకపోతేనే' అని ఒక మాట రాశారు, ముందు దాని గురించి మాట్లాడుకుందాం. ఆ ఆలోచన ఎప్పుడో వచ్చిపోతోందా, రోజూ వస్తోందా? ఏదైనా చేసుకోవాలన్నదాకా వెళ్తే ఆ క్షణమే మీ ఆయనకు చెప్పండి, ఒంటరిగా ఉండకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్. డబ్బు కట్టేది లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ జబ్బున్నవాళ్ళలో డిప్రెషన్ చాలా ఎక్కువ. జబ్బొచ్చిందన్న దిగులు ఒక్కటే కారణం కాదు, మెదడులో ఈ జబ్బు తెచ్చే మార్పులు కూడా అందుకు కారణం కావచ్చు. కాబట్టి నా మనసు గట్టిది కాదేమో అని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. దానికీ మందులున్నాయి.

ఇక పాప. మీ ఉత్తరమంతటికీ నాకు పెద్దదిగా కనిపించింది ఆ పిల్ల అడిగిన మాటే. మీ ఆయన మంచికే అంటున్నారు గానీ, ఈ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. చెప్పకపోతే పిల్లకు తెలియదనుకుంటున్నారు. ఏదో జరుగుతోందని దానికి ఇప్పటికే తెలుసు. కారణం తెలియక, ఆ వయసు పిల్లలందరిలాగే తప్పు తనమీద వేసుకుంది. మీరు జబ్బును దాచినందుకు అది నేరం మోస్తోంది.

పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. జడ వేస్తున్నప్పుడో, అన్నం పెడుతున్నప్పుడో చెప్పండి. "మన ఒంట్లో నరాలు కరెంటు వైర్ల లాంటివి బిడ్డా. నా వైర్ల మీద పొర అక్కడక్కడ ఒలిచిపోయింది. అందుకే అమ్మకు తొందరగా అలసటొస్తది. నువ్వు అల్లరి చేస్తే వచ్చింది కాదు, నిన్ను ముట్టుకుంటే నీకు అంటుకోదు." జబ్బు పేరు కూడా చెప్పండి. పేరున్న దానికి పిల్లలు తక్కువ భయపడతారు. "తగ్గిపోతదా?" అని అడిగితే తగ్గిపోతుందని మాత్రం చెప్పకండి. మందు వేసుకుంటున్నా, డాక్టరు చూస్తున్నారు, నాకు బాగాలేని రోజు నీకు నాయిన అన్నం పెడతాడు, నానమ్మ జడ వేస్తది అనండి. ఆ రోజు తనను ఎవరు చూస్తారన్నదే దానికి కావాల్సింది. గ్లాసు నీళ్ళు తెచ్చివ్వనీయండి, సంతోషిస్తుంది. అంతకుమించి మీ కష్టం వినే స్నేహితురాలిగా దాన్ని చేసుకోవద్దు.

దానికీ వస్తుందా అని మీరు అడగలేదు, కానీ అడగాలనుకుని ఉంటారు. ఈ జబ్బున్న తల్లుల పిల్లల్లో నూటికి తొంభై అయిదుకు పైగా మందికి రాదు.

మీ అత్తమ్మ మాట గుచ్చుకుంటుంది, నిజమే. కానీ మన నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్ళకు వంగిపోయిన కాళ్ళను, నడుములను చూస్తూ పెరిగాం. జబ్బంటే కంటికి కనబడాలని మనకు అలవాటైపోయింది. ఆమె కళ్ళకు మీలో అలాంటిదేమీ కనబడటం లేదు, మీరు చెప్పనూ లేదు. చెప్పకపోతే ఆమెకు మాత్రం ఎలా తెలుస్తుంది? పెళ్ళికి ముందే ఉందని, పుట్టింటివాళ్ళు దాచారని అంటారేమోనన్న భయం మీకుండొచ్చు. అందుకే ఈ మాట మీ ఆయన నోటినుంచే రావాలి, మొదటి రిపోర్టు మీద ఉన్న తేదీ చూపించి మరీ. వ్యవసాయం తెలిసిన ఇల్లయితే నేనైతే బోరు సంగతితోనే చెప్తాను. ఎండాకాలం బోరు గంటసేపు పోసి ఆగిపోతుంది. నీళ్ళు ఊరేదాకా మోటరు ఆపాల్సిందే, బలవంతంగా నడిపితే కాలిపోతుంది. మీ ఒంట్లో సత్తువా అంతే. పగలంతా అది స్కూలుకు, ఇంటికి, పైగా ఏమీ లేనట్టు నటించడానికి సరిపోతోంది. ఆ చివరిదొక్కటి మానేస్తే సాయంత్రం పాప పక్కన కూర్చునేందుకు కొంత మిగులుతుంది.

మన మిర్యాలగూడ ఎండకు ఈ జబ్బు లక్షణాలు ఎక్కువవుతాయి, చల్లబడ్డాక తగ్గుతాయి. అది కొత్త ఎటాక్ అని, అంటే జబ్బు మళ్ళీ తిరగబెట్టిందని హడలిపోకండి. వంటపని పొద్దున్నే ముగించుకోండి, కూరగాయలు కూర్చుని తరుక్కోండి. కొత్త లక్షణం వచ్చి ఒక రోజు దాటినా పోకపోతే మాత్రం డాక్టరుకు చెప్పాలి. ఎవరైనా చెరువుగట్టు గుడికి తీసుకెళ్తామంటే వెళ్ళి మొక్కుకోండి. మందు మాత్రం ఆపకండి, ఒంట్లో బాగున్న రోజుల్లో అసలు ఆపకండి.

రేపు నడవలేకపోతే అన్నారు. ఈ జబ్బు ఎవరిలో ఎలా సాగుతుందో డాక్టరు కూడా ముందే చెప్పలేరు. ఏళ్ళ తరబడి నడుస్తూ ఉద్యోగం చేసుకునేవాళ్ళున్నారు, మందులతో ఎటాక్‌లు తగ్గుతాయి. అయినా భయం పోదు, ఏడుపొస్తుంది. రానీయండి. ఒంట్లో ఒక్కో సత్తువ తగ్గినప్పుడల్లా మళ్ళీ కొత్తగా దుఃఖపడాల్సి వస్తుంది, ఒకసారి ఏడ్చేస్తే తీరిపోయేది కాదు ఇది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో మీ జబ్బు కూడా ఉంది. సర్టిఫికెట్ అవసరం ఇప్పుడు లేకపోవచ్చు, తెలిసుంటే మంచిది.

ఈసారి చెకప్‌కు మీ ఆయనను వెంట తీసుకెళ్ళండి. స్కాన్ కాగితాలతో పాటు నాకు రాసిన ఈ ఉత్తరం నకలు కూడా పెట్టుకోండి. నిద్ర పట్టకపోవడం గురించి, నేను లేకపోతేనే అన్న మాట గురించి డాక్టరు ముందు నోరు పెగలకపోతే, ఆ కాగితం ఆయన చేతికిచ్చి చదవమనండి.