నార్కొండంలో హార్న్‌బిల్ పక్షుల వెంట

ఎమ్మెస్సీ అయింది, మారుమూల ద్వీపంలో పక్షుల మీద పరిశోధన చేయాలనుంది, అక్కడ రోజులెలా గడుస్తాయి, ఒంటరితనాన్ని తట్టుకోగలనా అని అడిగారు. నేను పనిచేసింది అండమాన్‌లోని నార్కొండంలో. కాబట్టి అక్కడి సంగతే చెబుతాను.

ఒంటరితనం గురించి బెంగ పెట్టుకోకండి. నార్కొండంలో ఊళ్లు లేవు గానీ, 1969 నుంచి పోలీసు ఔట్‌పోస్టు ఉంది. పరిశోధకుల మకాం దాని పక్కనే. వంట, నీళ్లు, కబుర్లు అన్నీ ఆ సిబ్బందితోనే. అందరూ మాట్లాడేది హిందీ. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్‌కు వచ్చి స్థిరపడిన కుటుంబానికి చెందిన ఒకాయన మాత్రం నాతో తెలుగులో మాట్లాడేవారు. ‘అన్నా’ అని పిలిచేదాన్ని. ఏ వాగు దాటవచ్చో, ఏ వాలు మీద రాళ్లు జారతాయో ఆయన చెప్పినంత వివరంగా ఏ పటంలోనూ లేదు. పక్షుల గురించి ఎంత చదువుకున్నా, ఇలాంటి మనుషులతో కలిసిపోలేకపోతే అక్కడ పని సాగదు.

రాకపోకలు మన చేతిలో ఉండవు. ఓడ దూరంగా ఆగితే చిన్న డింగీలోకి దిగి, అలలు అనుకూలిస్తేనే ఒడ్డుకు చేరాలి. బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, మందులు, బ్యాటరీలు అన్నీ ముందే లెక్కగట్టి తీసుకెళ్లాలి. కూరగాయలు త్వరగానే అయిపోతాయి. ఆ తర్వాత పప్పూ ఆవకాయే దిక్కు. రాత్రిళ్లు ఎలుకలు సంచులు కొరుకుతాయి కాబట్టి గట్టి మూతల డబ్బాలు తప్పనిసరి.

ఇక అసలు పని. ద్వీపం వైశాల్యం 7 చదరపు కిలోమీటర్ల లోపే. కానీ అదంతా నిద్రాణమైన అగ్నిపర్వతం, శిఖరం 710 మీటర్లు. తెల్లవారకముందే బయలుదేరి, ముందే నిర్ణయించుకున్న దారుల్లో నెమ్మదిగా నడుస్తూ, కనిపించిన ప్రతి హార్న్‌బిల్ (పెద్ద వంపు ముక్కున్న పక్షి) ఎంత దూరంలో ఉందో రేంజ్‌ఫైండర్‌తో కొలిచి రాసుకోవాలి. మనల్ని చూసి పక్షి ఎగిరిపోతే, మొదట అది కూర్చున్న చోటికే దూరం కొలవాలి. వాన వచ్చినా, కాళ్లు లాగుతున్నా, కొలవకుండా ఉజ్జాయింపుగా ఓ అంకె వేయకూడదు. ఈ పనికి కావలసిన మొదటి అర్హత అదేనని నా నమ్మకం. డిగ్రీ కూడా దాని తర్వాతే.

ఎందుకంటే నార్కొండం హార్న్‌బిల్ ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. 2019-20 శీతాకాలంలో జరిగిన సర్వే దాదాపు వెయ్యి పక్షులున్నాయని, చదరపు కిలోమీటరుకు 151 చొప్పున ఉన్నాయని అంచనా వేసింది. ఒక జాతి మొత్తం ఇంతే. అక్కడ రాడార్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదనను 2012లో పర్యావరణ మంత్రిత్వ శాఖ తిరస్కరించింది, తర్వాత మళ్లీ అనుమతి వచ్చింది. ఇలాంటి నిర్ణయాల ముందు ఆ పక్షుల తరఫున మాట్లాడగలిగేవి మన నోటు పుస్తకంలోని అంకెలే.

గూళ్ల కాలం వచ్చాక పని తీరు మారిపోతుంది. ఆడపక్షి చెట్టు తొర్రలోకి దూరి, తన రెట్టతో, పండ్ల పిప్పితో ద్వారాన్ని మూసేసుకుంటుంది. సన్నని చీలిక ఒక్కటే మిగులుతుంది. కాస్త దూరంలో పొదల చాటున కూర్చుని గంటల తరబడి దాన్నే చూడాలి. ముందు రెక్కల హోరు వినిపిస్తుంది, తర్వాతే ఇటుకరంగు మెడతో మగపక్షి కనిపిస్తుంది. మాను మీద వాలి, మెడ ముందుకు చాచి, గొంతులో దాచుకొచ్చిన మర్రి జాతి పండును ముక్కు కొసకు తెస్తుంది. లోపలి ముక్కు దాన్ని అందుకుంటుంది. వెంటనే ఇంకొకటి, ఆపై మరొకటి. ఎన్ని పండ్లు, ఏ రకం, ఎన్ని గంటలకు అన్నది రాసుకుంటూ ఉంటే నడుము నొప్పి కూడా గుర్తుకు రాదు. అది చూడడం కోసమే మళ్లీ వెళ్లమంటే ఈ క్షణమే బయలుదేరుతాను.

వెళ్లే ముందు మీ పరిశోధన గైడ్‌తో రెండు విషయాలు తేల్చుకోండి: అభయారణ్యం అనుమతులు ఎవరు చూస్తారు, జబ్బు చేస్తే బయటికి తెచ్చే ఏర్పాటు ఏమిటి. నేనున్నప్పుడు అక్కడ మొబైల్ సిగ్నల్ లేదు, పోలీసుల వైర్‌లెస్సే ఆధారం. కాబట్టి ఇంట్లోవాళ్లకు ఫలానా తేదీకి వస్తానని మాటివ్వకండి. ఓడ ఆలస్యమైతే వాళ్లు నిద్రపోరు.